కరెంటు పోయినప్పుడు ఇల్లు ఆగిపోకుండా: ఫిలింనగర్, జూబ్లీహిల్స్ కుటుంబాలు ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

ఏప్రిల్ నుంచి జూన్ వరకు హైదరాబాద్‌లో సాయంత్రం పూట గాలిదుమారం లేస్తే ముందుగా పోయేది కరెంటే. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ కొండవాలు వీధుల్లో చెట్లెక్కువ. ఒక్క కొమ్మ విరిగి 11 కేవీ లైన్ మీద పడితే ఆ ఫీడర్ కింద ఉన్న వీధులన్నీ చీకటైపోతాయి.

ఒకప్పటి కోతల తీరు వేరు. 2012-13లో కరెంటు కొరత వల్ల నగరంలో వేళలు ప్రకటించి మరీ కోత పెట్టేవారు. ఆ వేళల్ని బట్టి జనం నీళ్లు పట్టుకునేవారు, పిండి రుబ్బుకునేవారు. ఇప్పుడు ఎక్కువగా పోయేది గాలివాన వల్ల, ఎండాకాలం ఏసీల లోడుకు ట్రాన్స్‌ఫార్మర్లు వేడెక్కడం వల్ల, మరమ్మతుల వల్ల. మరమ్మతుల సంగతి ముందే తెలియొచ్చు కానీ గాలివాన చెప్పి రాదు. అందుకే ఏర్పాట్లు ముందే జరిగి ఉండాలి.

ముస్లిం కుటుంబాలకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. చాంద్రమాన క్యాలెండర్ వల్ల బక్రీద్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. అంటే ఈ ఏళ్లలో ఫ్రీజర్ ఖుర్బానీ గోష్త్‌తో నిండి ఉండే రోజులు, గాలివానలు ఎక్కువగా వచ్చే రోజులు ఒకటే అవుతున్నాయి.

ఎంతసేపటికి సిద్ధపడాలి?

పెద్ద అపార్ట్‌మెంట్లకు, బంగళాలకు డీజిల్ జనరేటర్ ఉంటుంది. షూటింగులకు జనరేటర్ వ్యాన్లు వస్తాయి. ఫిలింనగర్ బస్తీల్లో, షేక్‌పేట, రహమత్‌నగర్ గల్లీల్లో చాలా ఇళ్లకు ఆ వసతి లేదు. అక్కడ మూడు అంచెలుగా ఆలోచించుకోవడం మేలు. పావుగంట పోతే వెలుతురు చాలు. నాలుగు గంటలు పోతే ఫ్యాన్లు, ఫోన్లు, నీళ్లు కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి రోజంతా రాకపోతే మందులు, మాంసం, మంచినీళ్ల సంగతి చూసుకోవాలి.

కరెంటు పోగానే పక్కింటి లైట్లు చూడండి. మీ ఒక్క ఇంట్లోనే పోతే ముందు ఎంసీబీ పడిందేమో చూసుకోండి. వీధంతా పోతే 1912కు ఫోన్ చేయండి. ఇది టీజీఎస్‌పీడీసీఎల్ ఫిర్యాదు నంబర్. బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబర్ అడుగుతారు. అది చీటీ మీద రాసి మీటర్ దగ్గర అతికిస్తే చీకట్లో బిల్లు వెతికే పని ఉండదు.

మొదట మందులు

ఇంట్లో షుగర్ ఉన్న దాదీ, నానీ ఉంటే ఇన్సులిన్ గురించే ముందు ఆలోచించాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న పెన్ను లేదా సీసా చాలా రకాల్లో 30 డిగ్రీల లోపు సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. కచ్చితమైన గడువు డబ్బా మీద చూడాలి. అయితే మే నెలలో ఇక్కడి గదిలో అంతకంటే ఎక్కువ వేడి ఉంటుంది. సీసాను నీళ్లు చొరని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను నీళ్లున్న మట్టికుండలో ఉంచితే వేడి నుంచి కాపాడుకోవచ్చు. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

ఆక్సిజన్ కాన్సంట్రేటర్ వాడే వారికి కరెంటుతో పని లేని సిలిండర్ ఒకటి ఇంట్లో సిద్ధంగా ఉండాలి. ఊపిరి ఇబ్బందైతే ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఫ్రిజ్, ఖుర్బానీ మాంసం

తలుపు తెరవకుండా ఉంటే ఫ్రిజ్‌లో చల్లదనం సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు కాపాడుతుంది. అందుకే ఖాళీ జాగాలో నీళ్ల సీసాలు గడ్డకట్టించి పెట్టడం మంచిది.

కోసిన మాంసాన్ని ఒకే పెద్ద సంచిలో కుక్కితే మధ్యలో చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. అరకిలో చొప్పున పలచగా పరిచి ప్యాకెట్లు కట్టండి. బంధువుల వాటా, పేదల వాటా ఆ రోజే పంచేస్తే ఫ్రీజర్ మీద భారం తగ్గుతుంది, గోష్త్ తాజాగా చేతికి అందుతుంది. ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టే పాత పద్ధతి కూడా కరెంటు లేకుండా నిలవ చేసేదే. కానీ దానికి గట్టి ఎండ ఉండాలి, మబ్బు పట్టిన రోజు మొదలుపెట్టొద్దు.

ఊరెళ్లే ముందు ఒక గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగొచ్చాక బిళ్ల అడుగున కనిపిస్తే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. ఆ మాంసం తినొద్దు. కరెంటు వచ్చేసరికి ముక్కల్లో ఇంకా ఐసు ఉంటే మళ్లీ గడ్డకట్టించుకోవచ్చు, లేదా వండుకోవచ్చు. పూర్తిగా మెత్తబడి చల్లదనం పోయి రెండు గంటలు దాటితే పారేయాల్సిందే. వాసన బాగుందని నమ్మకూడదు. మళ్లీ ఉడికించినా కొన్ని విషపదార్థాలు పోవు.

నీళ్లు

కొండవాలు మీద ఇంట్లో కరెంటు పోతే నీళ్లూ పోతాయి. మోటార్ ఆడితేనే సంపులోంచి పై ట్యాంకుకు ఎక్కుతాయి. ఆకాశం మబ్బు పట్టగానే మోటార్ వేసి ట్యాంకు నింపుకోండి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున తాగడానికి, వంటకు విడిగా పట్టుకోండి. వుజూకు ఒక మూత బకెట్, లోటా విడిగా ఉంచితే కుళాయి కింద వదిలే నీళ్లకంటే చాలా తక్కువతో సరిపోతుంది.

ఇన్వర్టర్ లెక్క

12 వోల్టులు, 150 ఏహెచ్ బ్యాటరీలో లెక్కకు 1800 వాట్-అవర్లు ఉంటాయి. నష్టాలు పోను వాడుకోగలిగేది సుమారు 1100 అనుకోండి. మామూలు ఫ్యాన్లు రెండు 150 వాట్లు, ఎల్ఈడీ బల్బులు నాలుగు 36, వైఫై 10. మొత్తం 196 వాట్లు, అంటే అయిదారు గంటలు. అవే రెండు ఫ్యాన్లు 30 వాట్ల బీఎల్‌డీసీ రకం అయితే మొత్తం 106 వాట్లే. పది గంటల దాకా వస్తుంది. ఇస్త్రీ పెట్టె, గీజర్, మిక్సీ ఇన్వర్టర్ లైన్ మీద పెట్టొద్దు.

బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ రెండు మూడు నెలలకోసారి చూడండి. ఛార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి గాలి ఆడే చోట ఉంచాలి. దగ్గర్లో అగ్గిపుల్ల, అగర్‌బత్తి వద్దు.

ఇన్వర్టర్ కొనలేకపోతే గదికొకటి ఛార్జింగ్ బల్బు, ఒక ఛార్జింగ్ ఫ్యాన్, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ చాలావరకు గట్టెక్కిస్తాయి. ఆ పవర్ బ్యాంక్ ఒక ఫోన్‌ను ఒకసారి నిండుగా, ఇంకాస్త ఛార్జ్ చేస్తుంది.

రంజాన్‌లో

సహరీ వేళ కరెంటు లేకపోతే మసీదు మైకు వినిపించకపోవచ్చు. వేళల కార్డు గోడకు, అలారం ఛార్జింగ్ ఉన్న ఫోన్‌లో ఉండాలి. ఇండక్షన్ స్టవ్ వాడేవాళ్లు గ్యాస్ పొయ్యి కూడా సిద్ధంగా ఉంచుకోవాలి.

ప్రాణాల మీదకు తెచ్చే పొరపాట్లు

తెగిపడిన తీగ దగ్గరకు పోవద్దు, కర్రతో కదపొద్దు. పిల్లల్ని దూరంగా ఉంచి 1912కు చెప్పండి. వానలో ఇనుప స్తంభాన్ని, తడిసిన ఇనుప గేటును ముట్టుకోవద్దు. బట్టలారేసే ఇనుప తీగను కరెంటు వైరుకు దగ్గరగా కట్టొద్దు.

కొవ్వొత్తి వెలిగించి నిద్రపోవద్దు. చిన్న జనరేటర్‌ను ఇంట్లో గానీ, మెట్ల కింద గానీ నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే చంపుతుంది. జనరేటర్ వైరును ఇంటి ప్లగ్‌లో గుచ్చితే కరెంటు వెనక్కి పారి, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం పోవచ్చు.

గాలివాన వేళ లిఫ్ట్ ఎక్కకుండా మెట్లు వాడండి.

కరెంటు వచ్చాక

రాగానే వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉండొచ్చు. కరెంటు పోగానే ఫ్రిజ్, టీవీ, ఏసీ ప్లగ్గులు తీసేసి, ఒక బల్బు ఆన్ చేసి వదలండి. వచ్చాక ఆ బల్బు అయిదు నిమిషాలు నిలకడగా వెలిగితే ఒక్కొక్కటిగా పెట్టండి. బల్బు మరీ ఎక్కువగా వెలిగినా, మినుకుమినుకుమన్నా మెయిన్ ఆపేసి 1912కు చెప్పండి.

ఈ వారమే చేసుకోదగ్గవి

• యూఎస్‌సీ నంబర్, 1912, 108, 112 మీటర్ దగ్గర అతికించడం.
• టార్చి ఎక్కడుందో ఇంట్లో పిల్లలతో సహా అందరికీ చూపించడం.
• ఫ్రీజర్‌లో రెండు నీళ్ల సీసాలు, రూపాయి బిళ్ల గిన్నె పెట్టడం.
• తీగలకు తగులుతున్న కొమ్మలుంటే సొంతంగా నరకకుండా విద్యుత్ సిబ్బందికి చెప్పడం.
• పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఫోన్ నంబర్ తీసుకుని, కరెంటు పోయినప్పుడు వాళ్లను ఎవరు పలకరించాలో అనుకోవడం.