గంగావతి: కాలువ పెంచిన ఊరు

గంగావతి అనగానే నేడు సోనామసూరి బియ్యము గుర్తుకు వచ్చును. కాని మన పెద్దలు వచ్చునాటికి ఈ సీమలో చాలావరకు జొన్నచేలే. వరి పండినది ఏటి ఒడ్డున, పాతకాలువల క్రింద మాత్రమే. ఆ కాలువలు విజయనగర ప్రభువుల నాటివి. ఆనెగొంది ప్రక్కనే ఉన్నది. గంగావతి పేరు గల కాలువలు నేటికిని పారుచున్నవి. కనుక మనము వచ్చిన తరువాతనే ఇచ్చట సేద్యము పుట్టినదని ఎవరైన అన్నచో, అది చరిత్రకు సరిపడదు.

తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగినది. ఆ నాడు ఏటికి ఒక దరి మద్రాసు రాజధాని, రెండవ దరి నైజాము రాజ్యము. 1953లో కాలువలకు నీరు వదిలిరి. మునీరాబాదు వద్ద బయలుదేరిన ఎడమ కాలువ గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతముల మీదుగా రాయచూరు వైపు సాగినది.

నీరు వచ్చినది గాని, నల్లరేగడిని చదునుచేసి మళ్ళు కట్టుట మెట్టసేద్యపు రైతులకు అలవాటు లేని పని, ఖర్చుతో కూడిన పని. కృష్ణా గోదావరి సీమలలో భూమి ధర హెచ్చు, కమతములు చిన్నవి. అక్కడ ఎకరము అమ్మిన ఇక్కడ పలు ఎకరములు వచ్చెడివి. అట్లు మనవారు వచ్చి, పొలముల నడుమ పాకలు వేసికొనిరి. అవే నేటి ‘క్యాంపులు’. వడ్లు పండగా మిల్లులు వచ్చినవి. మిల్లుల వెంట బజారు, బ్యాంకులు, బడులు వచ్చినవి. 1956లో ఈ ప్రాంతము మైసూరు రాష్ట్రములో చేరినది. 1997లో కొప్పళ జిల్లా ఏర్పడినది. 2011 జనగణన నాటికి పట్టణ జనాభా లక్ష దాటినది.

ఇక మనము దాచరాని మాట ఒకటి ఉన్నది. ఈ కాలువను జొన్న, ప్రత్తి, వేరుసెనగ వంటి ఆరుతడి పైరులకై, ఎక్కువ పొలమునకు కొద్ది కొద్దిగా నీరందునట్లు రూపొందించిరి. ఎగువన మనము వరి వేసితిమి. మన గాదెలు నిండినవి. దిగువన మాన్వి, రాయచూరు రైతులకు నీరు చాలలేదు. మన శ్రమ ఎంత నిజమో, వారి లోటూ అంతే నిజము.

మొదట 133 టి.యం.సి. పట్టిన జలాశయము పూడికవలన 105 చిల్లరకు తగ్గినది. 2024 ఆగస్టులో పందొమ్మిదవ గేటు కొట్టుకొనిపోయి, నిండిన నీరు కండ్లయెదుట నదిపాలైనది. ఆ వారములో ఎగువవారి గుండె, దిగువవారి గుండె ఒక్కరీతిగనే కొట్టుకొన్నది.

కన్నడ సోదరులు మనకు నేలనిచ్చిరి. వారి భాష మన పిల్లలకు బడిభాష అయినది. ఈ ఉగాదినాడు పచ్చడి పంచుకొన్నట్లే, కాలువ చివరివానితో నీటిని పంచుకొను సంగతి కూడ మన సంఘములో చర్చకు రావలెను. ఊరిని పెంచిన నీరు చివరిమడి దాక పారినప్పుడే మన వలస సార్థకమగును.