గత్తర: జార్జ్ రొమేరో సినిమా ‘ది క్రేజీస్’ (1973)

తెలంగాణ పల్లెల్లో పాతతరం వాళ్ళు కలరా లాంటి అంటురోగాన్ని ‘గత్తర’ అనేవారు. అదే మాటను ఇప్పుడు మనం హడావుడికీ, అయోమయానికీ వాడుతున్నాం. రోగానికీ గందరగోళానికీ ఒకే మాట ఎందుకు సరిపోయిందో తెలియాలంటే, అమెరికాలో 1973లో విడుదలై పెద్దగా ఎవరూ చూడకుండానే వెళ్ళిపోయిన ఒక చిన్న సినిమా చూడాలి. పేరు ‘ది క్రేజీస్’. దీనికే ‘కోడ్ నేమ్: ట్రిక్సీ’ అని మరో పేరు కూడా ఉంది.

హారర్ సినిమా అనగానే మన పత్రిక పాఠకులు కొందరు పేజీ తిప్పేస్తారని తెలుసు. అయినా దీని గురించి రాయడానికి కారణం ఉంది. 2020లో ఖతార్‌లో ఉన్న మనం ఆ ఏడాది చూసినవాటిలో చాలా సంగతులు, 47 ఏళ్ళ ముందే, అదీ చాలా తక్కువ డబ్బుతో, ఈ సినిమాలో ఉన్నాయి. ఇందులో భయపెట్టేది రోగం కాదు. ఎవరికీ ఏమీ చెప్పకపోవడం.

(గమనిక: కింద కథ ముగింపు కూడా చెప్పాను. ముందు సినిమా చూడదలచుకున్నవారు ‘కథ’ అన్న భాగాన్ని వదిలేసి చదువుకోవచ్చు.)

దర్శకుడి గురించి

జార్జ్ రొమేరో (1940–2017) న్యూయార్క్‌లో పుట్టినా, సినిమాలు తీసింది ఎక్కువగా పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల. మొదట్లో స్నేహితులతో కలిసి వ్యాపార ప్రకటనలు తీస్తూ పని నేర్చుకున్నాడు. 1968లో సుమారు లక్షా 14 వేల డాలర్లతో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ ఈనాటి జాంబీ సినిమాలన్నిటికీ మూలపురుషుడు. విడుదల సమయంలో పేరు మార్చినప్పుడు ప్రింటు మీద కాపీరైట్ ప్రకటన వెయ్యడం మరిచిపోవడంతో ఆ సినిమా ఎవరైనా వాడుకోగల ఉమ్మడి సొత్తు అయిపోయింది. అది అంత పేరు తెచ్చుకున్నా రొమేరో చేతికి రావలసిన డబ్బు రాలేదు. అందుకే ‘ది క్రేజీస్’ నాటికి కూడా అతను చిన్న బడ్జెట్ దర్శకుడే. ఈ సినిమాకి అయిన ఖర్చు సుమారు 2 లక్షల 75 వేల డాలర్లు. కథకు మూలం పాల్ మెక్‌కల్లో రాసిన స్క్రిప్టు. దాన్ని తిరగరాసి, దర్శకత్వం వహించి, ఎడిటింగ్ కూడా రొమేరోనే చేసుకున్నాడు.

పోలిక కోసం ఒక మాట. అంతకు రెండేళ్ళ ముందు, 1971లో, రాబర్ట్ వైజ్ దర్శకత్వంలో ‘ది ఆండ్రోమెడా స్ట్రెయిన్’ వచ్చింది. అదీ అంటురోగం కథే, కానీ పెద్ద స్టూడియో సినిమా. అందులో భూమి లోపల అంతస్తులుగా కట్టిన ప్రయోగశాల, మెరిసే యంత్రాలు, ఆరితేరిన శాస్త్రజ్ఞులు ఉంటారు. రొమేరో సినిమాలో ప్రయోగశాల అంటే ఊళ్ళో హైస్కూలు సైన్సు గది!

కథ

పెన్సిల్వేనియాలో ఎవాన్స్ సిటీ అనే చిన్న ఊరు. కల్పిత ఊరు కాదు, నిజంగా ఉన్నదే. ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ మొదట్లో కనిపించే శ్మశానం కూడా అక్కడిదే. ఒక రాత్రి ఆ ఊళ్ళో ఒక తండ్రి ఉన్నట్టుండి పిచ్చెత్తి భార్యను చంపి, ఇంటికి నిప్పు పెడతాడు. పిల్లలు లోపలే ఉంటారు. కొన్ని రోజుల క్రితం దగ్గరి కొండల్లో ఒక సైనిక విమానం కూలింది. అందులో ‘ట్రిక్సీ’ అనే రహస్య జీవాయుధం ఉంది. అది ఊరి మంచినీళ్ళలో కలిసింది. సోకినవాళ్ళు చచ్చిపోతారు, లేదా మతి తప్పి ఇక కోలుకోరు.

తెల్ల బట్టలు, గ్యాస్ మాస్కులు వేసుకున్న సైనికులు ఊళ్ళోకి దిగుతారు. ఎందుకొచ్చారో ఎవరికీ చెప్పరు. రాత్రిపూట తలుపులు బద్దలుకొట్టి, నిద్రలో ఉన్నవాళ్ళను లేపి హైస్కూలుకు తోలుతారు. ఊళ్ళో వేటగాళ్ళు ఎక్కువ, ఇంటింటా తుపాకీ ఉంటుంది. ముసుగు దొంగలు వచ్చారనుకుని కాలుస్తారు. సైనికులు, వీళ్ళకు పిచ్చెక్కిందనుకుని తిరిగి కాలుస్తారు.

ఈ గొడవలో ఐదుగురు తప్పించుకుని ఊరు దాటాలని ప్రయత్నిస్తారు. వాళ్ళలో డేవిడ్ ఊరి అగ్నిమాపక దళంలో పనిచేస్తాడు, వియత్నాంలో యుద్ధం చేసి వచ్చినవాడు. అతనితో గర్భవతి అయిన జూడీ, స్నేహితుడు క్లాంక్, మరో తండ్రీకూతుళ్ళు. ఒక్కొక్కరే రాలిపోగా చివరికి డేవిడ్ ఒక్కడే మిగులుతాడు. అతనికి రోగం అంటదని మనకు అర్థమవుతుంది. అతని రక్తంలోనే మందు దొరకవచ్చు. కానీ పరీక్షించాలని సైన్యానికి తోచదు. అంతా పోగొట్టుకున్న అతనూ నోరు విప్పడు. ఊరి బాధ్యత చూసిన కల్నల్ పెకెమ్‌ను హెలికాప్టర్‌లో మరో ఊరికి తీసుకుపోతారు. రోగం అక్కడ కూడా మొదలైంది.

పిచ్చివాడెవడు?

ఈ సినిమాలో నాకు అన్నిటికన్నా నచ్చింది, రోగికి ప్రత్యేకమైన వేషం లేకపోవడం. మామూలు జాంబీ సినిమాలో ఎవరు మనిషో ఎవరు పిశాచమో మొహం చూడగానే తెలుస్తుంది. ఇక్కడ రోగి మొహం మామూలు మొహమే. కుర్చీలో కూర్చుని స్వెటర్ అల్లుకుంటున్న ఒక ముసలామె, ఇంట్లోకి వచ్చిన సైనికుణ్ణి చిరునవ్వుతో చూస్తూ అల్లిక సూదితో పొడిచేసి, మళ్ళీ అల్లుకుంటూ కూర్చుంటుంది. ఒక పక్క కాల్పులు జరుగుతుంటే ఒకావిడ చీపురు పట్టుకుని మైదానంలో గడ్డి ఊడుస్తూ ఉంటుంది. చర్చి ఫాదరు తన మీద పెట్రోలు పోసుకుని నిప్పంటించుకుంటాడు. ఆయనకు రోగం సోకిందా, లేక తన ఊరివాళ్ళకు జరుగుతున్నది చూడలేక నిరసనగా చేశాడా? సినిమా చెప్పదు. 1963లో సైగాన్ నడివీధిలో ఆత్మాహుతి చేసుకున్న బౌద్ధ భిక్షువు ఫోటో అప్పటి ప్రేక్షకులందరికీ గుర్తే.

క్లాంక్ పాత్ర కూడా ఇలాంటిదే. సైనికుల్ని చంపుతున్నకొద్దీ అతనికి హుషారు పెరుగుతుంది. ఇది ట్రిక్సీ పనా, యుద్ధంలో అబ్బిన అలవాటు పైకి తేలిందా? తేల్చుకోవడానికి పరీక్ష లేదు. పరీక్ష లేనప్పుడు అందరూ రోగులే, అందరూ అనుమానితులే.

ఇక అసలు విషాదం డాక్టర్ వాట్స్‌ది. ట్రిక్సీ గురించి బాగా తెలిసిన ఈ శాస్త్రజ్ఞుణ్ణి, పరికరాలున్న అతని సొంత ల్యాబులో ఉంచకుండా ఈ ఊరికి తెచ్చిపడేస్తారు. విసుక్కుంటూనే స్కూలు గదిలో పని చేసి ఏదో కనుక్కుంటాడు. ఆ మాట పైవాళ్ళకు చెప్పాలంటే ఫోన్‌లో గొంతు గుర్తింపు జరగాలి, దానికి సమయం పడుతుంది. ఆగలేక గాజు గొట్టాలు పట్టుకుని పరుగెత్తుతాడు. దారిలో సైనికులు అతన్నీ ఊరివాడే అనుకుని రోగుల గుంపులోకి తోసేస్తారు. తొక్కిసలాటలో మెట్ల మీంచి పడి చచ్చిపోతాడు. గొట్టాలు పగిలిపోతాయి. రొమేరో దీన్ని పెద్ద సన్నివేశంగా సాగదీయడు. చకచకా నాలుగు ముక్కల్లో చూపించి వెళ్ళిపోతాడు.

ఇందులో విలన్ లేడు. కల్నల్ చెడ్డవాడు కాడు, తనకు చెప్పింది చేస్తూ విసిగిపోయిన మనిషి. ముసుగుల్లో ఉన్న సైనికులకు కూడా తాము దేనితో పోరాడుతున్నారో తెలియదు. పైవాళ్ళ తొందరంతా విషయం బయటకు పొక్కకూడదన్నదే. అవసరమైతే ఊరిని లేపెయ్యడానికి అణుబాంబు ఉన్న విమానం ఒకటి పైన తిరుగుతూ ఉంటుంది. అదైతే వేళకు వచ్చింది, మందు కనుక్కోవడానికి కావలసిన పరికరాలు మాత్రం రాలేదు!

కథకు నేపథ్యం

ఇదంతా గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. 1968 మార్చిలో యూటా రాష్ట్రంలో డగ్‌వే సైనిక ప్రయోగ కేంద్రం దగ్గర వేల గొర్రెలు ఒక్కసారిగా చచ్చిపోయాయి. అక్కడ పరీక్షించిన విషవాయువే కారణమని దేశమంతా చెప్పుకున్నారు. 1969 నవంబరులో అధ్యక్షుడు నిక్సన్ అమెరికా ఇక జీవాయుధాలు వాడదని ప్రకటించాడు. 1970 మే 4న ఎవాన్స్ సిటీకి పక్క రాష్ట్రమైన ఒహాయోలో, కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో, నేషనల్ గార్డ్ కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. జీవాయుధాల నిషేధ ఒప్పందం మీద దేశాలు సంతకాలు మొదలుపెట్టింది 1972లో, అది అమలులోకి వచ్చింది 1975లో. సినిమా సరిగ్గా ఈ రెంటి మధ్య వచ్చింది. సొంత సైన్యం సొంత ఊరి మీదకు దిగితే ఎలా ఉంటుందన్న ప్రశ్న అప్పటి అమెరికన్లకు కొత్త కాదు.

తక్కువ డబ్బులో పెద్ద పని

సైన్యం చూపించాలంటే ట్యాంకులు, పటాలాలు కావాలి. రొమేరో దగ్గర ఉన్నవి తెల్ల కవరాల్సు, గ్యాస్ మాస్కులు. మొహాలు కనిపించవు కనుక కొద్దిమందితోనే పెద్ద దళం చూపించవచ్చు. కానీ ఈ పొదుపే సినిమాకు ప్రాణమైంది. మొహంలేని ఆ తెల్ల ఆకారాలు, మాస్కులోంచి సరిగ్గా వినబడని మాటలు ఊరివాళ్ళ భయాన్ని మనకు ఇట్టే పట్టిస్తాయి.

రెండోది ఎడిటింగ్. షాట్లు చాలా చిన్నవి. ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకుంటారు. ఫోన్లు మోగుతుంటాయి, వెనక సైనిక డ్రమ్ముల చప్పుడు. ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. గత్తర అంటే ఇదే.

లోపాలు లేవని కాదు. నటన అందరిదీ ఒకే స్థాయిలో లేదు. శబ్దం కొన్నిచోట్ల నాసిరకం. ఆడవాళ్ళ పాత్రలకు చెయ్యడానికి పెద్దగా పని ఇవ్వలేదు. తండ్రీకూతుళ్ళ ఘట్టం ఒకటి చాలా ఇబ్బందిగా ఉంటుంది. పిల్లలతో కూర్చుని చూసే సినిమా కాదు.

దోహా నుంచి చూస్తే

ఖతార్‌లో మొదటి కోవిడ్ కేసు 2020 ఫిబ్రవరి 29న బయటపడింది. మార్చి 17న దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో 1 నుంచి 32 వరకూ వీధులున్న భాగాన్ని మూసేశారు. మనవాళ్ళు ‘సనయ్య’ అనే ఈ ప్రాంతంలో కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన కార్మికులు ఎందరో ఉంటారు. మొదట రెండు వారాలన్నారు, తర్వాత పొడిగించారు, మే నెలలో దశలవారీగా తెరవడం మొదలుపెట్టారు. మే చివర్లో ‘ఎహ్తెరాజ్’ ఆప్ తప్పనిసరి అయింది. ఫోన్‌లో ఆకుపచ్చ రంగు ఉంటేనే దుకాణంలోకి రానిచ్చేవారు.

ఇక్కడ జరిగింది సినిమాలో జరిగినట్టు కాదు. తుపాకులు పేలలేదు, పరీక్షలు ఉన్నాయి, ఆసుపత్రులు ఉన్నాయి, లోపలికి సరుకులు వెళ్ళాయి. ఆ తేడా మరిచిపోకూడదు. కానీ మూసిన గేటుకు అటూ ఇటూ ఉన్నవాళ్ళ మనసుల్లో తిరిగిన ప్రశ్నలు మాత్రం ఎవాన్స్ సిటీవే. ఎన్నాళ్ళు? జీతం వస్తుందా? పక్క మంచం మీద దగ్గేవాడికి అదేనా? గదికి ఆరేడుగురు ఉన్నచోట దూరం ఎలా పాటించాలి? ప్రకటనలు అరబ్బీ, ఇంగ్లీషులతో పాటు హిందీ, మలయాళం లాంటి భాషల్లో కూడా వచ్చేవి. ఏ భాషా చదవలేని మనవాళ్ళ కోసం మాలో కొందరం వాటిని తెలుగులో చెప్పి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లుగా పంపేవాళ్ళం. అదే వాట్సాప్‌లో పుకార్లు కూడా అంతకు రెట్టింపు వేగంతో వచ్చేవి. ‘అందరినీ ఎక్కడికో తీసుకుపోతున్నారట’ అని అర్ధరాత్రి ఫోను వస్తే, కాదని నమ్మించడానికి అరగంట పట్టేది. మన యాసలో ఒక తెలిసిన గొంతు చెబితేనే అవతలివాడు కుదుటపడేవాడు.

ఆ తర్వాత ఈ సినిమా మళ్ళీ చూసినప్పుడు నాకు తట్టింది ఒకటే. ఆ ఊళ్ళో మొదటి గంటలోనే ఎవరో ఒకరు మైకు పట్టుకుని, ‘నీళ్ళు తాగకండి, ఇదీ సంగతి, ఇందుకే వచ్చాం’ అని ఉంటే సగం మంది బతికేవారు. వెనకటికి మన ఊళ్ళల్లో మశూచి, కలరా వస్తే పొలిమేరలో అమ్మవారికి మొక్కి, ఊరు దాటొద్దని చాటింపు వేయించేవారు. చాటింపు అంటే ఊరందరికీ వినబడేలా చెప్పడం. కట్టడి ఒక్కటే ఉండి చాటింపు లేకపోతే ఏమవుతుందో రొమేరో చూపించాడు.

ఇంకా చూడదగ్గవి

1. ‘షివర్స్’ (1975), ‘రేబిడ్’ (1977): రెండూ కెనడా దర్శకుడు డేవిడ్ క్రోనెన్‌బర్గ్‌వి. మొదటిదాంట్లో ఒక అపార్ట్‌మెంటు, రెండోదాంట్లో మాంట్రియల్ నగరం అంటురోగం పాలవుతాయి. పెద్దలకు మాత్రమే.

2. ‘ది క్రేజీస్’ (2010): బ్రెక్ ఐస్నర్ తీసిన రీమేక్. హంగులు ఎక్కువ. సైన్యం వైపు కథ బాగా తగ్గించారు.

3. ‘జాంబీ రెడ్డి’ (2021): ప్రశాంత్ వర్మ దర్శకుడు, తేజ సజ్జా నాయకుడు. కోవిడ్ నేపథ్యంలో కర్నూలు ఫాక్షన్ కక్షల మధ్యకు జాంబీల్ని తెచ్చి నవ్వించిన తెలుగు సినిమా. రొమేరో వేసిన విత్తనం మన సీమ దాకా వచ్చిందని సరదాగా చెప్పుకోవచ్చు.

సినిమా వివరాలు

దర్శకత్వం, ఎడిటింగ్: జార్జ్ రొమేరో
నటీనటులు: లేన్ కారోల్, డబ్ల్యూ.జి. మెక్‌మిలన్, హెరాల్డ్ వేన్ జోన్స్, లాయిడ్ హోలర్, లిన్ లోరీ, రిచర్డ్ ఫ్రాన్స్
ఛాయాగ్రహణం: బిల్ హింజ్‌మన్ (‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’లో శ్మశానంలో కనిపించే మొదటి జాంబీ ఈయనే!)
నిడివి: 103 నిమిషాలు, రంగుల చిత్రం, ఇంగ్లీషు

2017లో ఆరో వీడియో సంస్థ రొమేరో తొలినాటి మరో రెండు చిత్రాలతో కలిపి దీన్ని బ్లూ-రే సెట్‌గా తెచ్చింది. పాత మసక ప్రింటు చూసి వదిలేసినవారు ఈ ప్రతి చూడండి. మొదటి పావుగంట కాస్త ఓపిక పట్టాలి. ఆ తర్వాత సినిమాయే లాక్కుపోతుంది. చూశాక మీ లేబర్ క్యాంపు మిత్రులతో, ఆఫీసు మిత్రులతో మాట్లాడండి. ఇంకో గత్తర ఎప్పుడో ఒకప్పుడు రాక మానదు. అప్పుడు మన గ్రూపుల్లో నిజం తెలుగులో చెప్పే బాధ్యత ఎవరు తీసుకోవాలో ఇప్పుడే అనుకుని ఉంచుకోవడం మంచిది.