రెండేళ్ల కొలతకు అందని ఉట్నూరు: సామాజిక మనస్తత్వశాస్త్రంలో సైటేషన్ల లెక్క

ఒక పత్రికకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కట్టే పద్ధతి బడిపిల్లల లెక్కంత తేలిక. గడిచిన రెండేళ్లలో ఆ పత్రిక అచ్చువేసిన వ్యాసాలను ఈ ఏడాది ఇతరులు ఎన్నిసార్లు పేర్కొన్నారో కూడి, ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే సరి. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో సైటేషన్ సూచిక ఆలోచనను ‘సైన్స్’ పత్రికలో ముందుపెట్టినప్పుడు ఆయన ఉద్దేశం వేరు. పాత వ్యాసంలోని లోపాన్ని తర్వాతివాళ్లు ఎక్కడ పట్టుకున్నారో చదువరికి దారి చూపాలన్నది ఆయన కోరిక. ఆ దారి చూపే పట్టికే పోనుపోను పత్రికలకు ర్యాంకులిచ్చే సాధనమైంది. అక్కడి నుంచి అధ్యాపకుల నియామకాల్లోకి, పదోన్నతుల్లోకి, విశ్వవిద్యాలయాల మదింపులోకి వచ్చి కూర్చుంది. ఒక రచన ఎంత త్వరగా, ఎవరి సంభాషణలో వినబడిందో ఈ లెక్క చెబుతుంది. అది ఎంతవరకు నిజమో, ఎవరికి పనికొచ్చిందో దానికి తెలియదు. సామాజిక మనస్తత్వశాస్త్రంలో ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల జరిగిన నష్టం ఏ పాటిదో ఆదిలాబాద్, కరీంనగర్ ఉమ్మడి జిల్లాల ఉదాహరణతో తేల్చవచ్చునని నా వాదన.

ముందు శాస్త్రం లోపలి సాక్ష్యం చూద్దాం. 2008లో జెఫ్రీ ఆర్నెట్ అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వెలువరించే 6 ప్రధాన పత్రికలను పరిశీలించి, 2003–2007 మధ్య వచ్చిన వ్యాసాల్లో పరిశోధనకు లోనైన నమూనాల్లో 68 శాతం ఒక్క అమెరికావేనని చూపాడు. ఐరోపా తదితర పారిశ్రామిక దేశాలను కలుపుకుంటే అది 96 శాతం. సామాజిక మనస్తత్వశాస్త్రానికి తలమానికమని చెప్పే ‘జర్నల్ ఆఫ్ పర్సనాలిటీ అండ్ సోషల్ సైకాలజీ’లో 2007లో అమెరికా నమూనాల్లో మూడింట రెండు వంతులు సైకాలజీ చదివే డిగ్రీ విద్యార్థులే. 2010లో హెన్రిక్, హైన్, నోరెంజయాన్ ఈ అంకెలనే ఆధారం చేసుకుని, ప్రపంచ జనాభాలో 12 శాతం ఉన్న దేశాలను చూసి మానవజాతి మొత్తానికి సూత్రాలు రాస్తున్నారని నిలదీశారు. విచిత్రమేమంటే, ఆ నిలదీసిన వ్యాసమే ఈ రంగంలో అత్యధికంగా పేర్కొనే రచనల్లో ఒకటైంది. పేర్కొన్నవాళ్లలో చాలామంది తమ తర్వాతి ప్రయోగానికి మళ్లీ కాలేజీ పిల్లల దగ్గరికే వెళ్లారనుకుంటే అన్యాయం కాబోదు.

ఇక నిజానికీ సైటేషన్‌కూ ఉన్న సంబంధం. 2015లో ఓపెన్ సైన్స్ కొలాబరేషన్ 100 మనస్తత్వ అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, మొదట 97 శాతం అధ్యయనాల్లో గణనీయంగా కనబడిన ఫలితం రెండోసారి 36 శాతంలోనే కనబడింది. సామాజిక మనస్తత్వ విభాగంలో అది నాలుగింట ఒక వంతుకు పడిపోయింది. ఒకసారి తేలినది మళ్లీ తేలకపోవడం శాస్త్రంలో సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఆ తర్వాత జరిగింది చూడాలి. 2021లో మార్తా సెర్రా గార్సియా, ఉరి నీజీ లెక్క తీస్తే, మళ్లీ రుజువు కాని వ్యాసాలకే రుజువైన వాటికంటే ఎక్కువ సైటేషన్లు ఉన్నాయి. పునఃపరీక్షలో విఫలమైనట్టు అచ్చులో తేలిన తర్వాత కూడా ఆ తేడా తగ్గలేదు. ఆ వైఫల్యం తర్వాత వచ్చిన ప్రస్తావనల్లో దాన్ని గుర్తించి చెప్పినవి 12 శాతమే. గార్‌ఫీల్డ్ తప్పులు పట్టించడానికని కట్టిన పట్టిక తప్పుల్ని మోసుకు తిరుగుతోందన్నమాట.

సైటేషన్ నిజాన్ని కొలవకపోతే పోయె, కనీసం ఆలోచన ఎవరిదో అయినా నమోదు చేస్తుంది గదా అనవచ్చు. 1934 జనవరి 15న బిహార్‌లో భూకంపం వచ్చింది. ప్రకంపన తగిలి నష్టం మాత్రం జరగని ప్రాంతాల్లో జనం మధ్య ఎలాంటి వదంతులు తిరిగాయో జమునా ప్రసాద్ సేకరించి 1935లో ‘బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకాలజీ’లో ప్రచురించాడు. ఇంతకంటే పెద్ద ఉపద్రవం రాబోతోందని జనం నమ్మడం ఆ వదంతుల్లోని విశేషం. భయపడ్డవాళ్లు మరింత భయపెట్టే కబుర్లనే ఎందుకు నమ్ముతారన్న ఆ చిక్కుముడి నుంచే లియాన్ ఫెస్టింగర్‌కు సంజ్ఞానాత్మక వైరుధ్య సిద్ధాంతం తోచింది. ఆ విషయాన్ని 1957 నాటి తన పుస్తకంలో ఆయనే ఒప్పుకున్నాడు. ఫెస్టింగర్ నిజాయితీపరుడే. అయినా తర్వాతి తరాలు ఆయన్ని పేర్కొని సరిపెట్టుకున్నాయి. ఈనాడు సైకాలజీ పుస్తకం తెరిచిన ప్రతి విద్యార్థికీ ఫెస్టింగర్ తెలుసు, బిహార్ వదంతులు ఏరినవాడు తెలియదు. తెలుగు నేలకు సంబంధించి ఇందుకు ఎదురు ఉదాహరణ కాకినాడ. 1960ల్లో డేవిడ్ మెక్‌క్లీలండ్, డేవిడ్ వింటర్ కాకినాడ వ్యాపారులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, సాధనా ప్రేరణలో తర్ఫీదు ఇచ్చారు. 1969లో పుస్తకం వెలువడింది. ఆ రోజుల్లో మన కోస్తా పట్టణం పేరు అమెరికా విశ్వవిద్యాలయాల్లో మారుమోగింది. మన ఊళ్లు సిద్ధాంతానికి పనికిరావన్న వాదనను కాకినాడే కొట్టేస్తుంది. కాకపోతే హార్వర్డ్ ఆచార్యుడు సిద్ధాంతాన్ని చంకలో పెట్టుకుని వస్తేనే ఊరు కనబడింది.

ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూరు విషయానికి వస్తే సమస్య మరోలా ఉంటుంది. వర్గాల మధ్య వైరం ఎలా పుడుతుందన్న ప్రశ్నకు ఈ శాస్త్రంలో ప్రామాణికమైన జవాబు ముజఫర్ షెరీఫ్‌ది. 1954 వేసవిలో ఆయన ఓక్లహోమాలోని రాబర్స్ కేవ్ అనే చోట 22 మంది పిల్లలను రెండు జట్లుగా విడదీసి, ఒకే బహుమతి కోసం పోటీ పెట్టి, పోటీ శత్రుత్వంగా మారడం గమనించాడు. అందరూ మధ్యతరగతి తెల్లజాతి పిల్లలే, అందరికీ పదకొండేళ్ల అటూఇటూ. వనరు ఒకటే, కోరేవాళ్లు ఇద్దరైనప్పుడు కొట్లాట వస్తుందని తేలింది. ఆదిలాబాద్‌లో 1976 నాటి సవరణ చట్టంతో తెలంగాణ ప్రాంత లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. పక్కనున్న మహారాష్ట్రలో వారికి ఆ హోదా లేదు. సరిహద్దు దాటి తండాలు పెరిగాయని, భూమి, చదువు, ఉద్యోగాల్లో తమ వాటా తరిగిందని గోండులు, కొలాములు అంటారు. చట్టం ఇచ్చిన హక్కునే తాము అనుభవిస్తున్నామని, తమ పేదరికమూ నిజమేనని లంబాడీలు అంటారు. ఈ మనస్పర్ధ 2017 చివర్లో ఉట్నూరు ప్రాంతంలో హింసగా బద్దలైంది. షెరీఫ్ సిద్ధాంతానికి ఇంతకంటే గట్టి పరీక్ష మరోటి దొరకదు. ఇక్కడ వనరును ఎవరో బహుమతిగా బల్లమీద పెట్టలేదు, ఒక చట్టం దాన్ని మళ్లీ పంచింది. చట్టానికీ కొట్లాటకూ నడుమ 40 ఏళ్లు గడిచాయి. రెండేళ్ల కిటికీలోంచి చూసే పత్రికకు ఈ 40 ఏళ్లలో ఏ ఏడాదికా ఏడాది ‘గణనీయమైన ఫలితం’ కనబడదు.

ఇన్నేళ్ల నిడివిని ఒకే మనిషి చూడగలిగిన సందర్భం ఆదిలాబాద్‌కు ఉండటం మన అదృష్టం. 1940లో జోడేఘాట్‌లో గోండు తిరుగుబాటు నాయకుడు కుమురం భీం హతమయ్యాక నిజాం ప్రభుత్వానికి గోండుల అశాంతికి కారణం తెలియాల్సి వచ్చింది. అప్పటికే ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్, ప్రపంచ యుద్ధం మొదలవడంతో శత్రుదేశస్థుడిగా లెక్కకెక్కి, హైదరాబాద్ సంస్థానం దాటిపోకూడదన్న ఆంక్షలో ఉన్నాడు. ప్రభుత్వం ఆ పని ఆయనకు అప్పగించడంతో, యుద్ధం పుణ్యమా అని ఆయనకు క్షేత్రం దొరికింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో ఆయన నివేదికలు 1945లో, ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లో వచ్చాయి. పట్టాల పంపిణీకి, గిరిజన ప్రాంతాల భూమికి చట్టపు రక్షణ కల్పించడానికి వెనుక ఆ నివేదికలున్నాయి. మళ్లీ మళ్లీ వచ్చి చూసి, ఆ రక్షణ ఎలా చిల్లులు పడిందో, భూమి ఎలా జారిపోయిందో 1982లో ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’లో రాశాడు. ఇక ప్రభావం లెక్క వేయండి. పుస్తకానికి మానవశాస్త్రంలో సైటేషన్లున్నాయి. భూమి చేతులు మారడంలో తేడా తెచ్చిన నివేదికలకు ఏ సూచికలోనూ చోటు లేదు. ఆయనది పరిశోధన ప్రభావం కాదు, నిజాం సర్కారు ఇచ్చిన పదవి ప్రభావమని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో నిజముంది. పాలకుడి చేతిలో పెట్టిన నివేదిక పాలన అవసరాలకు ఒదిగి ఉంటుంది, దాన్ని అలాగే చదవాలి కూడా. కానీ పత్రికలో వచ్చిన వ్యాసం సంపాదకుల అభిరుచికి ఒదగదా? రెండింటికీ యజమానులున్నారు. ఒక యజమానిని లెక్కలోకి తీసుకుని, ఇంకొకరిని వదిలేయడమే ఇక్కడి పేచీ.

కరీంనగర్ వైపు కథ మరింత నిక్కచ్చిగా ఉంది. విధేయత మీద స్టాన్లీ మిల్‌గ్రామ్ 1963లో ప్రచురించిన ప్రయోగంలో 40 మంది పురుషుల్లో 65 శాతం, అధికారి చెప్పాడని కరెంటు షాకును చివరిదాకా పెంచుకుంటూ పోయారు. షాకు నిజం కాదు, అది వాళ్లకు తెలియదు. మనిషి ఎందుకు లోబడతాడన్న దానిపై అప్పట్నుంచి కుప్పలుగా రాశారు. లోబడ్డవాడు ఎప్పుడు, ఎలా లేచి నిలబడతాడన్న దానిమీద అంతగా లేదు. ‘నీ బాంచెన్, కాల్మొక్త’ అనడం అలవాటైన పల్లెల నుంచి 1978 సెప్టెంబర్ 7న రైతుకూలీల ఊరేగింపైన జగిత్యాల జైత్రయాత్రకు జనం కదిలి వచ్చారు. కొద్ది వారాలకే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరలు గడీలు వదిలి పట్టణాలు చేరిన కాలమది. భయం ఊరుమ్మడిగా ఎలా వీడుతుందో, వీడిన భయం పోలీసు క్యాంపు రూపంలో ఎలా తిరిగొస్తుందో తెలుసుకోవడానికి ఇంత విస్తారమైన సహజ సందర్భం అరుదు. దీని మీద నిలిచే రచన చేసినవాళ్లలో ముఖ్యుడు సైకాలజీవాడు కాదు, కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన కె. బాలగోపాల్. ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ఆయన రాసిన వ్యాసాలను చరిత్రకారులు, రాజనీతి శాస్త్రజ్ఞులు పేర్కొంటారు. విధేయత మీద పాఠం చెప్పే సైకాలజీ తరగతికి అవి చేరలేదు. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) ఆగిపోయి నేతపనివాళ్లు ప్రాణాలు తీసుకున్న ఏళ్లు, దుబాయి, మస్కట్ వెళ్లినవాళ్ల ఇళ్లల్లో పెద్దరికం ఆడవాళ్ల చేతికి రావడం, 1956 నుంచి ములకనూరు సహకార సంఘంలో రైతులు ఒకరినొకరు నమ్ముతూ వచ్చిన తీరు, ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి.

వీటి బదులు ఏం జరుగుతుందో ఒక ప్రశ్నావళిని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ‘ఎదుటి వర్గం వారిని నమ్మవచ్చు’ అని ఒక వాక్యం. దాని కింద ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘ఏమాత్రం అంగీకరించను’ దాకా ఐదు గడులు. డిగ్రీ కాలేజీలో ఈ కాగితం పంచి పీరియడ్ అయ్యేలోగా వెనక్కి తీసుకోవచ్చు. నాలుగు తరగతులు తిరిగితే 200 మంది నమూనా తయారు, మిగిలింది కంప్యూటర్ చూసుకుంటుంది. అదే కాగితం గూడెంలో ఊరిపెద్ద పట్లా, పూజారి దేవారి కూర్చున్న చోట చదివితే, పట్లా ఒక మాట అని మిగతావాళ్లు తలూపితే, వచ్చింది 20 జవాబులా, ఒకటా? ఆ తలూపడంలోనే పరిశోధించాల్సిన విషయం ఉంది. కానీ దాన్ని గడుల్లో నింపలేం. దాని కోసం నెలలు ఉండాలి, భాష రావాలి. ఆ కాలమంతా అధ్యాపకుడి ఖాతాలో పేపర్లు సున్నా. కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయం పుట్టింది 2008లో. రెండేళ్లకే, 2010లో, పదోన్నతులకు పాయింట్ల పద్ధతిని యూజీసీ తెచ్చింది. ఇలాంటి వేళ పుట్టిన సంస్థలో ఒక యువ అధ్యాపకుడు తరగతి గది నమూనాను ఎంచుకుంటే ఆయన్ని తప్పుపట్టలేం.

స్థానిక పరిశోధన కనబడకపోవడానికి దాని నాణ్యతే కారణమన్నది మరో అభ్యంతరం, నేను తేలిగ్గా తోసెయ్యలేనిది. డబ్బు కడితే ఏదైనా అచ్చేసే పత్రికల వ్యాపారం హైదరాబాద్‌లోనూ వర్ధిల్లింది. ఇక్కడి ఓమిక్స్ సంస్థ పరిశోధకులను మోసగించిందన్న కేసులో అమెరికా కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని ఆదేశించింది. యూజీసీ తన ఆమోదిత జాబితాలోంచి 2018 మేలో ఒక్కసారే 4,305 పత్రికలను తీసేసింది. ఆ తర్వాత కేర్ జాబితా పెట్టింది, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసింది. పీహెచ్‌డీకి ముందు పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను 2022లోనే వదిలేసింది. ఈ వరసంతా ఒక సంగతి చెబుతోంది. నాసిరకం పత్రికలు లెక్కకు వెలుపల పుట్టినవి కావు, లెక్క పుట్టించిన గిరాకీయే వాటికి అన్నం పెట్టింది. ఎన్నున్నాయని అడిగితే ఎన్నో వస్తాయి.

మరి లెక్క తీసేస్తే పైరవీ రాజ్యమేలదా? ఏలుతుంది. కులం, ప్రాంతం, గురువుగారి మాట పనిచేసే చోట అంకె కొంత రక్షణే, ముఖ్యంగా అండలేని కుటుంబాల నుంచి వచ్చిన పరిశోధకులకు. అందుకే అంకెను తీసెయ్యమనను, ఒంటరిగా వదలొద్దంటాను. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనిషి పనిని తూచవద్దని 2012 నాటి శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన ఇప్పటికే చెప్పింది. దాన్ని ఇక్కడికి తేవాలంటే ఎంపిక సంఘం అభ్యర్థి రాసిన రెండు రచనలను నిజంగా చదివి, చదివిన అభిప్రాయాన్ని సంతకంతో నమోదు చేయాలి. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)కు గానీ గిరిజన పరిశోధన సంస్థకు గానీ ఇచ్చిన నివేదిక మీద ఏ చర్య జరిగిందో చూపితే దాన్నీ రచనగానే లెక్కించాలి. అన్నిటికంటే ముందు, ఉట్నూరు, జైనూరు, కెరమెరి మండలాల్లో ఎంచుకున్న గూడేలకూ తండాలకూ ఐదేళ్లకోసారి తిరిగి వెళ్లే అధ్యయనం ఒకటి శాతవాహన, కాకతీయ విశ్వవిద్యాలయాలు కలిసి మొదలుపెట్టాలి. గోండి, కొలామి, లంబాడీ మాట్లాడే పిల్లలే అందులో పరిశోధకులుగా ఉండాలి. మొదటి విడత కాగితాలను మూడో విడత పరిశోధకుడు చదివే దాకా దాని ఫలితం తేలదు గనక, మూడో ఏటనే ఎన్ని పేపర్లు వచ్చాయని అడగకూడదన్న షరతు నిధుల ఉత్తర్వులోనే రాసి ఉండాలి.