మరహూం ఇంటి ఇష్తిహార్

మా మొహల్లాలో ఒక దలాల్ భాయ్ ఉండేవాడు. పొద్దున్నే హోటల్లో చాయ్ తాగుతూ అఖ్‌బార్ తిరగేసేవాడు. ఖబర్లు చూసేవాడు కాదు. నేరుగా పబ్లిక్ నోటీసుల పేజీకే. "ఫలానా మరహూం వారసుల నుంచి మా క్లయింటు ఇల్లు కొంటున్నారు, అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో తెలపాలి" అనే చిన్న అక్షరాల డబ్బాలు. మౌత్ అయిన ప్రతి ఇంట్లో అమ్మేవాడొకడు, వద్దనేవాడొకడు ఉంటారని ఆయన హిసాబు. అమెరికాలో ప్రొబేట్ నోటీసులు చూసి ఇళ్లు వెతుక్కోవడం ఒక పెద్ద ధందా అట. మన దలాల్ భాయ్‌కి ఆ మాట తెలియదు, పని మాత్రం తెలుసు.

మన ఇళ్లకు ఆ ప్రొబేట్ ఎందుకు రాలేదో చూడాలంటే అంగ్రేజుల జమానాకు వెళ్లాలి. 1865లో వారసత్వ చట్టం చేసినప్పుడు హిందువులను, ముసల్మానులను వాళ్ల వాళ్ల కానూన్లకే వదిలేశారు. 1925 చట్టం వచ్చాక కూడా ముసల్మాను రాసిన వసీయత్‌కు ప్రొబేట్ తప్పనిసరి చేయలేదు. ఎలాగూ వసీయత్ మూడో వంతు దాటకూడదు. మిగతాదాని హిస్సాలు సూరె నిసాలో ముందే లెక్కగట్టి ఉన్నాయి. అదే చట్టంలో ప్రొబేట్ అడిగితే కోర్టు ఇష్తిహార్ ఇవ్వచ్చు. అప్పుడు దాన్ని కచేరీ గోడకూ, కలెక్టర్ ఆఫీసులోనూ అంటించాలి. మనం వెళ్లి తెచ్చుకునే సక్సెషన్ సర్టిఫికెట్ బాకీలకు, షేర్లకే. ఇంటికి, జమీన్‌కు చెల్లదు. అందుకే ఇంటి విషయంలో కోర్టు పిలుపు లేక, కొనేవాడి వకీలు వేయించే అఖ్‌బార్ నోటీసే మిగిలింది.

పెద్ద దేవ్డీల సంగతి వేరు. మూడో సాలార్‌జంగ్ 1949 మార్చిలో ఇంతెఖాల్ చేశారు. షాదీ లేదు, ఔలాద్ లేదు. వారిసులమంటూ ఎందరో ముందుకొచ్చారు. జాయిదాద్ చూడ్డానికి సర్కారు కమిటీ వేసింది. 1951లో దివాన్ దేవ్డీలోనే మ్యూజియం తెరిచారు, హక్‌దారుల పంచాయితీ మాత్రం 1959లో రాజీతో తెగింది. రెండు గదుల పెంకుటింటికి కమిటీ ఎవరు వేస్తారు?

మా నానా ఇల్లు అలాంటిదే. నానీ ముందే పోయింది. ఇద్దరు మామూలు, అమ్మీ, ఖాలా. షరీఅత్ లెక్కన ఇల్లు ఆరు హిస్సాలు: మామూలకు రెండేసి, ఆడవాళ్లకు ఒక్కోటి. 1937లో షరీఅత్ చట్టం తెచ్చిందే రివాజు పేరుతో ఆడవాళ్ల హిస్సా ఎగ్గొట్టకుండా. (అప్పుడు కూడా వ్యవసాయ భూమిని వదిలేశారు, అది ఇంకో దాస్తాన్.) మామూలు మాత్రం వారిసులు ఇద్దరే అని రాయించారు. ఇష్తిహార్ ఇంగ్లీషు పేపర్లో పడింది. అమ్మీ ఉర్దూ తప్ప ఏదీ చదవదు.

తెచ్చి చూపించింది దలాల్ భాయే. ఖైర్‌ఖ్వాహీతో కాదు. "ఆపా, మీ పేరు లేదు. మీ హిస్సా నాకు రాసిచ్చేయండి, తకరార్ నేను చూసుకుంటా" అన్నాడు. చెప్పిన ధర వింటే ఖాలాకు నవ్వొచ్చింది. అమ్మీకి రాలేదు. తమ్ముళ్లు తన పేరే రాయలేదన్న మాట దగ్గరే ఆగిపోయింది.

అప్పటికి తొమ్మిదో రోజు. గడువు పోయిందని నేను హడలిపోయాను. మాకు తెలిసిన వకీల్ సాబ్ నవ్వాడు. ఆ ఏడు రోజులు ఎదుటి వకీలు పెట్టుకున్నవే, నానా కళ్లు మూసిన క్షణాన పుట్టిన హఖ్ అఖ్‌బార్‌తో పోదన్నాడు. మామూలు అమ్ముకోగలిగేది వాళ్ల హిస్సాలే. రిజిస్టర్ పోస్టులో అభ్యంతరం పంపాం. అమ్మీ దస్తఖత్ ఉర్దూలో చేసింది. కొనేవాడు వెనక్కి తగ్గాడు. పెద్ద మామూ రెండు ఈద్‌లు మా గడప తొక్కలేదు. తర్వాత ఇల్లు అమ్మినప్పుడు కాగితం మీద నాలుగు పేర్లున్నాయి.

దలాల్ భాయ్ కమీషన్ అడగడానికి వచ్చాడు. అమ్మీ చాయ్ ఇచ్చి పంపింది.