కోటిపల్లికీ కోతిపల్లికీ మధ్య

కె.గంగవరం మండలంలో పదిమందికీ తెలిసిన ఊరు కోటిపల్లి. సోమేశ్వరుడి గుడి, గౌతమి రేవు, ఆ గట్టున ముక్తేశ్వరం. (పాత లెక్కలో కోనసీమ మొదలయ్యేది ఆ అవతలి గట్టునే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాకే ఈ గట్టు కూడా కాగితం మీద కోనసీమ అయింది.) ఈ ఊరి పేరును ఇంగ్లిషు కీబోర్డుతో తెలుగులో కొట్టడంలో ఒక చిక్కుంది. చిన్న ‘టీ’ కొడితే ‘త’ పడుతుంది, షిఫ్టు నొక్కి పెద్ద ‘టీ’ కొడితేనే ‘ట’. వేలు ఏమరితే కోటిపల్లి కాస్తా కోతిపల్లి. గంగవరంలో రెండు సున్నాలకూ పెద్ద ‘ఎమ్’ కావాలి, లేదంటే ‘గమ్గవరమ్’ అవుతుంది. ఈ కట్టుబాటు ఏ కంపెనీయో, ఏ సర్కారో పెట్టింది కాదు. అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారుచేసిన పద్ధతి. రోమన్ అక్షరాలు తప్ప మరేవీ సాగని ఆనాటి నెట్‌లో తెలుగు రాసుకోవడానికి పుట్టింది. దాన్ని అందరూ ఆర్టీఎస్ అన్నారు. అందులోని ‘ఆర్’ రైసే.

తెలుగువాళ్లకు ఉచిత సాఫ్ట్‌వేర్ అంటే ఇంత మోజు ఎందుకంటే, డబ్బు పెట్టక్కర్లేదు గనక అని చాలామంది తేల్చేస్తారు. కంప్యూటర్లో తెలుగు నడిచివచ్చిన దారి చూస్తే ఈ మాట నిలవదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోపాటే ఒక తెలుగు ఫాంటు వచ్చింది. దాని పేరు గౌతమి, అంటే కోటిపల్లి రేవు కింద పారే నదే. దానికి విడిగా పైసా ఇవ్వక్కర్లేదు. కానీ కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, భాషల పేజీలో ఒక గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ కోసం వెతుక్కుంటే తప్ప తెలుగు సరిగా కనబడేది కాదు. కనబడ్డాకైనా, ఆ అక్షరం వొంపు నచ్చకపోతే దిద్ది ఇంకొకరికి ఇచ్చే హక్కు ఎవరికీ లేదు. అదే కాలంలో కెనడాలోని విన్నిపెగ్ నుంచి తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లను చేసి ఊరికే ఇచ్చేశారు. అవి లినక్స్‌లోకీ ఎక్కాయి. రెంటికీ ధర సున్నాయే, వాటి బతుకులు మాత్రం వేరు.

ధర కాదు, మార్చుకుని పంచుకునే హక్కే ముఖ్యమనడానికి అసలు సాక్ష్యం ‘పద్మ’. అప్పట్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ సొంత ఫాంటుతో నడిచేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో వార్తంతా పిచ్చి గీతలే. ఉన్నా, వెతికితే దొరికేది కాదు. ఎందుకంటే లోపల ఉన్నది తెలుగు కాదు, తెలుగు వేషం కట్టిన లాటిన్ అక్షరాలు. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, ఈ పత్రికలు అటు రాలేదు. వెన్న నాగార్జున రాసిన పద్మ, ఫైర్‌ఫాక్స్‌లో చేరి ఆ పేజీలను అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చేది. ఆయన దాని కోడ్‌ను దాచుకోలేదు. అందుకే వీవెన్ దాన్ని తీసుకుని, ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యనక్కర్లేకుండా బ్రౌజర్లోనే తెలుగు రాసుకునే లేఖినిని చేయగలిగారు. పై పెట్టెలో రోమన్ కొడుతుంటే కింది పెట్టెలో తెలుగు పడుతూ ఉంటుంది. ఆర్టీఎస్ అలవాటు, పద్మ కోడ్, లేఖిని పెట్టె. ఒకరి పని మీద ఇంకొకరి పని నిలబడింది. ఎవరూ ఎవరి గుమ్మం ముందూ అనుమతి కోసం నిలబడలేదు. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరు 10న మొదలుపెట్టిందీ ఆ నాగార్జునే. ఊళ్లకు అక్కడ పేజీలున్నాయి కనుక, జిల్లాలు మారినప్పుడు ఎవరో ఒకరు కూర్చుని దిద్దుకోగలిగారు. అదే సమాచారం ఎవరో అమ్మిన సీడీలో ఉంటే పాత జిల్లాతోనే పడి ఉండేది.

ఇదంతా పాత కథ, ఇవాళ తెలుగును ఊరూరా మోస్తున్నవి పెద్ద కంపెనీల ఫోన్లేగా అనొచ్చు. నిజమే, లేఖిని పేరే వినని వాళ్లు ఫోన్లో తెలుగు కొడుతున్నారు. కానీ ఆ ఫోన్లు వచ్చేసరికే యూనికోడ్ తెలుగు రాయడం, చదవడం అలవాటైన జనం, వెతికితే దొరికే పేజీలు సిద్ధంగా ఉన్నాయి. ఉన్న పొలంలో నాగలి పట్టడం వేరు, అడవి కొట్టడం వేరు. ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది. ఉచితంగా వచ్చినదానికి దిక్కెవరు? 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పాత రకం ఎక్స్‌టెన్షన్లకు తలుపు మూసింది. పద్మ లాంటివాటిని మళ్లీ రాసేవాళ్లు లేకపోతే వాటి పని అంతటితో సరి. దీన్ని కాదనలేం. జీతం లేని పని చేసేవాడికి ఓపిక ఉన్నన్నాళ్లే సాగుతుంది. అయితే అమ్మిన సాఫ్ట్‌వేరూ చచ్చిపోతుంది, పైగా అది కోడ్‌ను వెంట తీసుకుపోతుంది. పద్మ ఆగినా, దాన్నుంచి పుట్టిన లేఖిని ఆగలేదు.

ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమం ఓడిన చోటు ఒకటుంది, డీటీపీ సెంటర్. అక్కడ శుభలేఖలూ కరపత్రాలూ అను ఫాంట్లతోనే తయారవుతూ వచ్చాయి. తెలుగు యూనికోడ్ తెలియని పేజ్‌మేకర్‌కు అవే సరిపోయాయి, చేయి వాటికే అలవాటుపడింది, ముచ్చటైన అక్షరాలూ అందులోనే ఉన్నాయి. ఉచిత యూనికోడ్‌లో చాలాకాలం పెళ్లికి పనికొచ్చే వొంపులే లేవు. 2012లో తిరుపతి ప్రపంచ తెలుగు మహాసభల వేళకు సిలికానాంధ్ర సంస్థ ఆ లోటు కొంత తీర్చింది. పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన ధూర్జటి, సూరన్న, మండలి లాంటి ఫాంట్లు ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మళ్లీ పంచవచ్చు. అను ఫాంట్లతో కొట్టిన కార్డు ఫైల్లో కోటిపల్లి అని వెతికితే ఏదీ దొరకదు. అదే పేరు సూరన్నలో కొడితే దొరుకుతుంది, పెద్ద ‘టీ’ పడితేనే.