పట్టుతాడు నుంచి ట్రిగ్గర్ దాకా

1860 జులై 2న లండన్ శివార్లలోని వింబుల్డన్ మైదానంలో బ్రిటన్ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ తన మొదటి పోటీలు జరిపింది. ప్రారంభపు గుండు పేల్చింది విక్టోరియా రాణి. నిజానికి పేల్చింది అనడం కంటే ఆమె చేత పేల్పించారు అనడం సబబు. విట్‌వర్త్ రైఫిల్‌ను ఇనుప దన్ను మీద బిగించి, 400 గజాల దూరంలోని గురికి ముందే సరిచూసి, ట్రిగ్గర్‌కు పట్టుతాడు కట్టి ఉంచారు. రాణి తాడు లాగింది. గుండు నట్టనడుమకు అంగుళం పైచిలుకు ఎడంగా తగిలింది.

తుపాకిని భుజానికి ఆనించిందీ లేదు, గురి చూసిందీ లేదు. ఆ శతాబ్దంలో చాలామంది మహిళలకు తుపాకితో ఉన్న పరిచయం ఈ పట్టుతాడు పాటిదే. వేటకు వెళ్లే పెద్దింటి ఆడవాళ్లకు ఇంట్లో నేర్పేవాళ్లు ఉండేవారు. అడవి అంచున కాపురముండే పేద ఇళ్లలో అవసరమే నేర్పేది. ఈ రెంటికీ నడుమనున్న మామూలు ఇల్లాలికి నేర్చుకోవాలన్న కోరిక పుట్టినా వెళ్లడానికి చోటు లేదు.

గురి తప్పని తుపాకి విద్యతో పేరుమోసిన అమెరికన్ మహిళ అన్నీ ఓక్లీకి అవసరమే నేర్పింది. ఆమె పుట్టింది కూడా 1860లోనే, ఒహాయో రాష్ట్రం డార్క్ కౌంటీలో, పేద రైతు ఇంట్లో. చిన్నప్పుడే తండ్రి పోయాడు. అడవి పిట్టలను, కుందేళ్లను కొట్టి దుకాణానికి అమ్మి, ఆ డబ్బుతో తల్లి పొలం మీది తాకట్టు తీర్చింది. 1885లో బఫలో బిల్ ‘వైల్డ్ వెస్ట్’ ప్రదర్శనలో చేరాక దేశాలు తిరిగింది. 1887లో లండన్‌లో ఆమె విద్యను విక్టోరియా రాణి కూడా చూసింది. పేకముక్కను అంచు వైపు నుంచి చీల్చడం, గాలిలోకి ఎగరేసిన గాజుబంతులు పగలగొట్టడం, భర్త ఫ్రాంక్ బట్లర్ పట్టుకున్న వస్తువును గురి చూసి కొట్టడం ఆమె అంశాలు. చివరిది మాత్రం ఏ శిక్షణ తరగతిలోనూ చెల్లదు. మనిషి వైపు గొట్టం తిప్పినవారిని తొలిరోజే ఇంటికి పంపేస్తారు.

అయితే ఓక్లీ పనిలో చరిత్రకు ఎక్కువ అక్కరకొచ్చేది రంగస్థలం మీద చేసింది కాదు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం రాబోతుండగా, గురి తప్పని 50 మంది మహిళలను సిద్ధం చేసి పంపుతానని ఆమె అధ్యక్షుడు మెకిన్లీకి ఉత్తరం రాసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1917లోనూ అలాంటి ప్రతిపాదనే చేసింది, ఫలితం అదే. ఈ నడుమ, 1915 నుంచి, భార్యాభర్తలు చలికాలాల్లో నార్త్ కరొలైనాలోని పైన్‌హర్స్ట్ విడిదిలో ఉంటూ అక్కడి అతిథులకు తుపాకి కాల్చడం నేర్పారు. గోల్ఫ్ ఆడే భర్తల వెంట వచ్చిన ఆడవాళ్లు ఆమె దగ్గర వరుస కట్టారు. నేర్చుకున్నవారిని లెక్కిస్తే వేలల్లో తేలతారు.

అంతమంది రావడానికి ఆమె పేరు ఒక కారణం. ఆమె వేషభాషలు అంతకంటే పెద్ద కారణమనిపిస్తుంది. తన దుస్తులు తనే కుట్టుకునేది, ఎప్పుడూ స్కర్టులోనే కనిపించేది, గుర్రం మీద ఒక పక్కకే కాళ్లు వేసి కూర్చునేది. ఓటుహక్కు ఉద్యమానికి మద్దతు కూడా ఇవ్వలేదు. అలాంటి మనిషి దగ్గర కూతురు తుపాకి నేర్చుకుంటానంటే ఏ ఇంటి పెద్దకూ అభ్యంతరం చెప్పడానికి సాకు దొరికి ఉండదు. ఓటు అడగని మహిళే వేలమంది ఆడవాళ్ల చేతికి తుపాకి ఇవ్వగలిగింది.

కొత్తవారికి నేర్పే పద్ధతి ఓక్లీ తర్వాతి దశాబ్దాల్లో ఒక క్రమానికి వచ్చింది. వేట లైసెన్సుకు ముందు భద్రతా పాఠం తప్పనిసరి చేసిన తొలి అమెరికన్ రాష్ట్రం న్యూయార్క్, 1949లో. నేడు ఏ దేశపు రేంజిలోనైనా మొదట చెప్పేది ఒకటే: ప్రతి తుపాకిలోనూ తూటా ఉన్నట్టే లెక్క. ఇప్పుడే ఖాళీ చేశానని పక్కవారు చెప్పినా, చేతికందుకున్నవారు మళ్లీ తెరిచి చూడాల్సిందే. గొట్టం ఎప్పుడూ గురి వైపే ఉండాలి. పిలిచారని వెనక్కి తిరిగితే మనిషితోపాటు గొట్టమూ తిరుగుతుంది, కొత్తవారు చేసే ప్రమాదకరమైన తప్పుల్లో ఇది ముందుంటుంది. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఉలిక్కిపడినప్పుడు పిడికిలి దానంతటదే బిగుస్తుంది, అందుకని. గురి వెనుక ఏముందో కూడా తెలిసి ఉండాలి. చిన్నదిగా కనిపించే .22 తూటా అడ్డులేకపోతే మైలు దాటి పోగలదు. కాల్పుల సాధన జరిగే చాంద్‌మారీల్లో గురి వెనుక మట్టికట్ట పోసేది ఇందుకే.

మహిళల విషయంలో మరో చిక్కు ఉండేది. తుపాకులు మగవారి చేతుల కొలతకు తయారయ్యేవి. తుపాకి మడమ నుంచి ట్రిగ్గర్ దాకా దూరం ఎక్కువైతే పొట్టిచేతుల మనిషి నడుము వెనక్కి వంచి నిలబడాల్సివస్తుంది. బరువంతా ముందుకు లాగుతుంది, పేలినప్పుడు తన్ను భుజానికి సరిగా ఆనక ఎముకకు తగులుతుంది. ఒక్కసారి అలా తగిలాక ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకోవడం అలవాటవుతుంది. దాన్ని భయం కింద జమకట్టి, ఆడవాళ్లకు ఇది చేతకాదని తేల్చేసినవారు చాలామందే. మడమ పొట్టిచేసి, తన్ను దాదాపు లేని .22 రైఫిల్ చేతికిచ్చి, చెవులకు రక్షణ పెట్టాక ఆ భయం చాలావరకు పోయింది. రెండు కళ్లలో ఏది గురి చూసే కన్నో ముందే కనుక్కోవడం కూడా తొలి పాఠంలో భాగమైంది. కుడిచేతివాటం ఉన్నా ఎడమకన్ను బలంగా ఉండేవారు ఉంటారు. ఆ సంగతి తెలియకపోతే ఎంత సాధన చేసినా గుండు పక్కకే పోతుంది.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం స్టీవెన్స్ పాయింట్ శాఖలో అధ్యాపకురాలు క్రిస్టీన్ థామస్ 1991లో మొదలుపెట్టిన వారాంతపు శిబిరాలు ఈ అనుభవాల మీదే నడిచాయి. వేటకు, చేపలు పట్టడానికి, తుపాకి కాల్చడానికి ఆడవాళ్లు ఎందుకు రావడం లేదని ఆరాతీస్తే, ఇష్టం లేకపోవడం కంటే నేర్పేవారు లేకపోవడం, తోడు లేకపోవడం, సరిపోయే సామగ్రి దొరక్కపోవడం వంటి అడ్డంకులే ఎక్కువగా తేలాయి. ఈ పద్ధతి తర్వాత అమెరికాలోని అనేక రాష్ట్రాలకు పాకింది.

పాఠం అందినచోట ఫలితం అంతకు చాలా ముందే కనిపించింది. 1930లో ఇంగ్లండ్‌లోని బిస్లీ మైదానంలో మార్జరీ ఫోస్టర్ మగవారందరినీ దాటి, ఒకే ఒక్క పాయింటు తేడాతో రాజుగారి బహుమతి (కింగ్స్ ప్రైజ్) గెలిచింది. ఆమె కోళ్లఫారం నడుపుకునే మనిషి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మార్గరెట్ మర్డాక్ తన జట్టు సహచరుడు లానీ బాషమ్‌తో సమంగా 1162 పాయింట్లు సాధించింది. గురికాగితాల లెక్కలో స్వర్ణం అతనికి దక్కింది. అతను పతకం పంచుకుంటానన్నా నిర్వాహకులు కాదన్నారు. జాతీయగీతం వినిపించే వేళ ఆమెను పై మెట్టు మీదికి లాగి పక్కన నిలబెట్టుకున్నాడు. మహిళలకు ప్రత్యేక పోటీలు 1984లో వచ్చాయి. అయినా 1992 బార్సిలోనాలో, ఆడా మగా కలిసి పాల్గొన్న స్కీట్‌లో (ఎగిరే మట్టిపలకలను కొట్టే పోటీ) చైనాకు చెందిన ఝాంగ్ షాన్ స్వర్ణం కొట్టింది. తర్వాతి ఒలింపిక్స్‌లో ఆ పోటీని మగవారికే పరిమితం చేశారు, మహిళల స్కీట్ 2000 దాకా రాలేదు. 

భారతదేశంలోనూ తొలి పేర్లు రాజవంశాలవే. బికనీర్ మహారాజు కర్ణీసింగ్ కూతురు రాజ్యశ్రీ కుమారికి 1968లో, కోటాకు చెందిన భువనేశ్వరీ కుమారికి 1969లో అర్జున అవార్డులు వచ్చాయి. ఇంట్లో తుపాకులు, తూటాలు, నేర్పే తండ్రులు ఉన్న ఇళ్లవి. మామూలు ఇళ్ల ఆడపిల్లలకు దారి తెరిచింది ఎన్.సి.సి. 1949లో బాలికల విభాగం ఏర్పడ్డాక కాలేజీ అమ్మాయిలు ఖాకీ దుస్తుల్లో బోర్లా పడుకుని .22 రైఫిల్‌తో గురి చూడటం, ‘భర్’, ‘ఖాలీ కర్’ అన్న హిందీ ఆదేశాలకు ఒక్కుమ్మడిగా కదలడం నేర్చుకున్నారు. తెలుగు నేల మీద మహిళలు అంతకుముందే తుపాకి పట్టారు. తెలంగాణ సాయుధ పోరాటంలో మల్లు స్వరాజ్యం వంటివారు దళాలు నడిపారు. అది బతుకుపోరు, దాన్ని ఆటస్థలంతో పోల్చకూడదు.

ఉత్తరప్రదేశ్‌లోని బాగ్‌పత్ జిల్లా జోహ్రీ గ్రామం కథ ఆ తర్వాతిది. 1999 ప్రాంతంలో చంద్రో తోమర్ మనవరాలిని ఊళ్లోని రైఫిల్ క్లబ్బుకు తీసుకెళ్లింది. పిల్ల తడబడుతుంటే తనే పిస్తోలు అందుకుంది. అప్పటికి ఆమెకు 65 ఏళ్లు దాటాయి. గుండు గురిలో పడింది. శిక్షకుడు రోజూ రమ్మన్నాడు. తోడికోడలు ప్రకాశీ తోమర్ కూడా చేరింది. పొలం పనులు, పశువులు ముగిశాక, చెయ్యి వణకకుండా ఉండేందుకు నీళ్లు నింపిన జగ్గును చాపిన చేత్తో పట్టుకుని సాధన చేసేవారు. ప్రకాశీ కూతురు సీమా తోమర్ 2010లో షాట్‌గన్ ప్రపంచకప్ రజతం గెలిచింది. ఆ విభాగంలో పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ ఆమే. చంద్రో 2021లో కోవిడ్‌తో మరణించింది.

హైదరాబాద్‌కు చెందిన ఈషా సింగ్ 2018లో 13 ఏళ్లకే 10 మీటర్ల ఎయిర్ పిస్తోలులో సీనియర్ జాతీయ టైటిల్ గెలిచింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. కొత్తగా చేరే అమ్మాయిల్లో ఎక్కువమంది మొదలుపెట్టేదీ ఈ 10 మీటర్ల విభాగంలోనే. 4.5 మిల్లీమీటర్ల బోరు, తక్కువ శక్తి ఉన్న ఎయిర్ తుపాకులకు మన చట్టంలో లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు అక్కర్లేదంటే బొమ్మ అని అర్థం కాదు, ఆ సీసపు గుండు కన్ను పోగొట్టగలదు. కూతురికి ఆసక్తి ఉందని ఎయిర్ గన్ కొని మేడ మీద సీసాలు పేర్చే తల్లిదండ్రులు, ఆ కొనుగోలును వాయిదావేసి ముందు గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బులో శిక్షకుడి దగ్గర చేర్పించాలి.