సరాఫు బల్ల నుంచి ఓటీపీ దాకా

మారేడుపల్లిలో ఉండే మా బాబాయి రైల్వేలో ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చూసి రిటైరయ్యాడు. కూరగాయల బండి దగ్గర రూపాయి తేడా వచ్చినా నిలదీసి అడిగే మనిషి. ఆయన కార్డు బ్లాకవుతోందని ఒకరోజు పొద్దున్న ఫోనొచ్చింది. చాలా మర్యాదగా, "సార్" అని పిలుస్తూ, మెసేజీలో వచ్చిన ఆరంకెలు అడిగారు. చెప్పాడు. ఇరవై నాలుగు వేలు పోయాయి.

ఆయన ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులాగి అదే గొంతు మళ్ళీ పలికింది. పొరపాటు జరిగింది, డబ్బు వెనక్కి వేస్తాం, ఇంకో నంబరొస్తుంది చెప్పండి అన్నారు. పిన్నికి తెలియకముందే డబ్బు రాబట్టుకోవాలనే ఆత్రంలో అదీ చెప్పాడు. ఈసారి అరవై వేలు. ఐదో రోజున పిన్ని నాకు ఫోన్ చేసి, "మీ బాబాయి అన్నం సరిగా తినడం లేదురా, ఒకసారి రా" అంది.

"ఇంత చదువుకుని ఎలా చెప్పావు?" అని అడగబోయి ఆగిపోయాను. అడిగినందువల్ల డబ్బు రాదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎదుటివాడు అసలో నకిలీయో తేల్చుకునే పని ఇదివరకు ఎవరు చేసేవారు? అది మా బాబాయి నెత్తిన ఎప్పుడు పడింది?

సికింద్రాబాదు పుట్టుకలోనే ఈ ప్రశ్న ఉంది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద వెలిసిన కంటోన్మెంటు ఇది. హుస్సేన్ సాగర్‌కి అటు నిజాం హాలీ సిక్కా, ఇటు ఇంగ్లీషువాళ్ళ కల్దారు రూపాయి. 1874లో వాడి నుంచి రైలు వచ్చాక బయటి డబ్బుతో దిగేవాళ్ళు ఇంకా పెరిగారు. ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడ్డ లెక్క ప్రకారం నూరు కల్దార్లకు నూటపదహారు రూపాయల పదణాల ఎనిమిది పైసల హాలీ. ఈ మార్పిడి చేసి పెట్టేవాడు సరాఫు. నాణేన్ని బల్ల మీద మోగించి, చెవితో విని, మంచిదో కాదో చెప్పేవాడు. జనానికి ఆ విద్య రాకపోయినా ఫరవాలేదు, సరాఫుకి వస్తే చాలు.

దూరాలకి డబ్బు పంపడానికి హుండీలుండేవి. చూపించగానే డబ్బివ్వాల్సినది దర్శనీ హుండీ. షాజోగ్ హుండీ అని ఇంకోటుంది. దాని డబ్బు 'షా'కి, అంటే బజారులో పరపతి ఉన్న వర్తకుడికి మాత్రమే చెల్లించాలి. తెచ్చినవాడు ఎవరో, అది అతని చేతికి ఎలా వచ్చిందో విచారించాలి. తర్వాత మోసం బయటపడితే డబ్బు తీసుకున్న ఆ షా తిరిగి కట్టాలి. హుండీ పోతే దానికి నకలు 'పేఠ్', అదీ పోతే 'పర్‌పేఠ్'. పోగొట్టుకోవడం మనుషులన్నాక మామూలే అని ఆ వర్తకులు ముందే ఒప్పుకున్నారన్నమాట. కార్డు పోతే కొత్త కార్డిచ్చే పద్ధతికి ఇది తాతలాంటిది.

కార్డుల కథలోనూ మనవాళ్ళ పాత్ర చిన్నది కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు, 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చి, దేశంలో ఆ పని మొదట చేసిన బ్యాంకుల్లో ఒకటైంది. అప్పటి కార్డుల మీద అంకెలు ఉబ్బెత్తుగా ఉండేవి. కొట్టువాడు కార్బన్ కాగితం పెట్టి అచ్చు తీసేవాడు, సంతకం పోల్చి చూసేవాడు. అంటే సరాఫు పని కొంత కొట్టువాడికొచ్చింది. దొంగలు మాత్రం చెత్తబుట్టలో పారేసిన కార్బన్ కాగితాల్లో నంబర్లు ఏరుకునేవారు.

తర్వాత కార్డు వెనకాల నల్లటి అయస్కాంత పట్టీ వచ్చింది. దాని లోపం ఏమిటంటే, అది ఎప్పుడు గీసినా ఒకటే సమాచారం చెప్తుంది. ఒకసారి దొంగ యంత్రంలో గీస్తే చాలు, ఇంకో ప్లాస్టిక్ ముక్క మీదికి దించుకోవచ్చు. ఒక బ్యాంకు కార్డు ఇంకో బ్యాంకు ఏటీఎంలో పనిచేసేలా కలిపిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ని 2004లో మొదలుపెట్టింది మన మాసబ్ ట్యాంక్‌లోని ఐడీఆర్‌బీటీయే. ఆ సౌకర్యంతో పాటు ప్రమాదం విస్తీర్ణమూ పెరిగింది. 2016లో ఒక ఏటీఎం సేవల సంస్థ వ్యవస్థలోకి దొంగ సాఫ్ట్‌వేర్ దూరితే, దేశవ్యాప్తంగా సుమారు 32 లక్షల డెబిట్ కార్డుల భద్రత మీద అనుమానం పడింది.

దీనికి విరుగుడు చిప్పు. అది లావాదేవీకొక కొత్త సంకేతం పుట్టిస్తుంది కాబట్టి పాతది దొంగిలించి లాభం లేదు. పాత పట్టీ కార్డులన్నిటినీ చిప్పు కార్డులుగా మార్చడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన గడువు 2018 డిసెంబరు 31. ఆన్‌లైన్ కొనుగోళ్ళకి రెండో తాళం 2009లోనే వచ్చింది. ఇప్పుడు మనం ఓటీపీ అంటున్నది అదే.

ఇలా యంత్రం గట్టిపడేకొద్దీ దొంగకి యంత్రంతో పని తగ్గింది. తాళంచెవి మనిషి చేతిలో ఉంది కదా, మనిషినే అడిగితే సరి. సరాఫు బల్ల మీద జరిగిన పరీక్ష ఇవాళ మా బాబాయి సెల్‌ఫోన్‌లో, అరనిమిషంలో, ఆయన భయపడుతున్నప్పుడు జరుగుతోంది. వచ్చింది అసలు ఫోనో కాదో మోగించి చూడడం ఆయనకి ఎవరూ నేర్పలేదు.

షాజోగ్ హుండీలాగే నష్టం ఎవరిదో చెప్పే కాగితం ఇప్పుడూ ఉంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ అది. తప్పు బ్యాంకుదీ మనదీ కాక ఇంకెక్కడో జరిగి ఉంటే, బ్యాంకు నుంచి కబురందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే మన మీద భారం పడదు. ఏడు రోజుల దాకా కొంత పరిమితి మేరకు పడుతుంది. పిన్నో ఓటీపీయో మనమే చెప్పేసి ఉంటే, బ్యాంకుకి తెలిపే దాకా పోయింది మనది. తెలిపాక పోయేది బ్యాంకుది. తప్పు ఖాతాదారుదే అని నిరూపించాల్సిన బాధ్యత కూడా బ్యాంకు మీదే పెట్టారు.

ఈ లెక్కన చూస్తే మా బాబాయి పోగొట్టుకున్న ఎనభై నాలుగు వేలలో ఇరవై నాలుగు వేలు మోసం వల్ల పోయాయి. మిగతా అరవై వేలు సిగ్గు వల్ల పోయాయి. మొదటి రోజే చెప్పి కార్డు ఆపించి ఉంటే రెండో ఫోనుకి పని ఉండేది కాదు. జాతీయ హెల్ప్‌లైన్ 1930కి వెంటనే చెప్తే, డబ్బు దొంగ ఖాతా దాటిపోకముందే నిలిపే అవకాశం ఉంటుంది. అక్కడ గంటలు కూడా లెక్కే.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఫిర్యాదు చేశాం. కొత్త కార్డొచ్చాక విదేశీ లావాదేవీలు ఆపేశాం. ఆన్‌లైన్ పరిమితి ఐదు వేలకి దించాం. ఈ మీటలు మన చేతికివ్వాలని రిజర్వు బ్యాంకు 2020లోనే చెప్పిందని ఆయనకి తెలియదు. నిజానికి ఆ రోజు వెతికే దాకా నాకూ తెలియదు. పెద్ద మొత్తం వేరే ఖాతాకి మార్చి, కార్డున్న ఖాతాలో నెల ఖర్చు మాత్రం ఉంచాం. పోయిన డబ్బు ఇంకా రాలేదు.

లేవబోతుంటే పిన్ని అడిగింది, "మళ్ళీ ఎవరైనా ఫోన్ చేస్తే ఏం చేస్తారు?" అని.

"పెట్టేస్తాను," అన్నాడు బాబాయి. కాసేపాగి, "పెట్టేసి నీకు చెప్తాను," అన్నాడు.